కొండ ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు

ప్రతి వేసవిలో మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. మంచులో నిలబడి, రెండు చేతులా జాతీయ జెండా పట్టుకుని, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్న కుర్రాడో అమ్మాయో. కింద ఊరి పేరు, తండ్రి చేసే కూలి పని, శిఖరం ఎత్తు మీటర్లలో. మరుసటి వారం కలెక్టరేట్‌లో శాలువా, పూలగుత్తి. ఆపైన ఆ పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. కిలిమంజారో ఎక్కి వచ్చిన బిడ్డ మూడేళ్ల తర్వాత ఏం చేస్తోందని ఆరా తీసిన వార్త నాకు ఎక్కడా కనబడలేదు. గ్రూప్స్‌కు చదువుకుంటూ ఉండవచ్చు. మరో శిఖరానికి డబ్బు సమకూర్చమని నాయకుల ఇళ్ల ముందు అర్జీ పట్టుకుని నిలబడి ఉండవచ్చు. నేర్చిన విద్యను నలుగురికి నేర్పి బతికే దారి ఒకటుందని ఆమెకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ దారి మన దగ్గర ఎవరూ సరిగ్గా వెయ్యనూ లేదు.

2014 వేసవిని గుర్తు చేసుకుంటే ఈ లోటు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లోని మండి దగ్గర బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు మీదికి వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు, వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఈ రెండు తేదీల మధ్యనే తెలంగాణ రాష్ట్రం పుట్టింది. ఒక వార్తకు సంబరాలు చేసుకున్నాం, ఇంకో వార్తకు ఏడ్చాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

పూర్ణ కథను మనం సాధారణంగా ధైర్యం కథగా చెప్పుకుంటాం. ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. అయితే సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా అప్పట్లో ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ముందుగా చూసుకున్నది శిక్షకులను. భువనగిరి గుట్ట మీద శేఖర్‌బాబు బచినేపల్లి లాంటి అనుభవజ్ఞులు తాడు పట్టించారు. అక్కడ నిలిచినవాళ్లను డార్జిలింగ్ పంపారు. అక్కడా నిలిచినవాళ్లను లద్దాఖ్ చలికి అలవాటు చేశారు. ప్రతి మెట్టు దగ్గరా పిల్లలను చూసి, ఇంకో మెట్టు ఎక్కించవచ్చా లేదా అని తేల్చిన పెద్దలున్నారు. బియాస్ ఒడ్డున లేనిది అదే. హెచ్చరిక లేకుండా నీళ్లు వదలడం అన్నిటికంటే పెద్ద తప్పు, అందులో వాదన లేదు. కానీ పైన జలవిద్యుత్ ప్రాజెక్టు ఉన్న నదిలో నీటి మట్టం నిమిషాల్లో మారుతుందని తెలిసిన మనిషి వెంట లేకుండా యాభై మంది పిల్లలను కొండల్లోకి పంపకూడదని మన కాలేజీలకు ఎవరూ నియమం పెట్టలేదు. ఇవాళ్టికీ చాలా చోట్ల పరిస్థితి అంతే.

ఈ విద్యకు మన దేశంలో బడులు లేవని కాదు. టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాదే, 1954 నవంబరులో, డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. టెన్జింగ్ దానికి ఫీల్డ్ ట్రైనింగ్ డైరెక్టర్. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ప్రపంచంలో అందరికంటే ఎత్తుకు వెళ్లి వచ్చిన ఆ మనిషిని కూడా నేర్పడం ఎలాగో నేర్చుకురమ్మని ముందు స్విట్జర్లాండ్ పంపారు. ఎవరెస్ట్ ఎక్కినవాడికి ఇంకా శిక్షణ ఏమిటని ఆనాటి పెద్దలు అనుకోలేదు. తర్వాత మనాలీలో, 1965లో ఉత్తరకాశీలో (నెహ్రూ పేరుతో), కశ్మీర్‌లో పహల్గామ్‌లో ఇలాంటి సంస్థలు వచ్చాయి. వీటిలో చాలావాటిని సైన్యం నుంచి వచ్చిన అధికారులు నడుపుతారు. ప్రభుత్వ నిధులు ఉండటంతో ఫీజు సామాన్యుడికి అందేంతలోనే ఉంటుంది. అందుకే సీటు కోసం నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైగా ఎదురుచూడాలి.

వీటిలో మొదటి మెట్టు బేసిక్ కోర్సు, దాదాపు నాలుగు వారాలు. పొద్దున్నే పరుగు, ఆపైన బండల మీద ఎక్కడం, తాడు ముడులు, తాడు మీద దిగడం, పై నుంచి జారేవాణ్ణి కింద నుంచి ఆపడం. తర్వాత పాతిక కిలోల దాకా బరువు మోసుకుంటూ హిమానీనదం దాకా నడక. అక్కడ మంచు గొడ్డలితో మెట్లు కొట్టడం, జారినప్పుడు అదే గొడ్డలిని మంచులో దిగ్గొట్టి ఆగడం. ఇందులో 'ఎ' గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. అదీ నాలుగు వారాలే, చివర ఒక శిఖరం. అందులోనూ 'ఎ' వస్తే మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్, అందరూ పొట్టిగా ఎంఓఐ అంటారు. సుమారు మూడు వారాలు. అందులో శిక్షణార్థి తానే పాఠం చెప్పాలి, తోటివాళ్లు విద్యార్థులవుతారు, శిక్షకులు మార్కులు వేస్తారు. వెతుకులాట, రక్షణ పనుల మీద ఇంకో కోర్సు విడిగా ఉంది.

కాగితం మీద నిచ్చెన చక్కగానే ఉంది. లోపం ఎక్కడంటే, మొదటి రెండు మెట్లూ ఎక్కేవాణ్ణి తయారుచేస్తాయి, నేర్పేవాణ్ణి తయారుచేసే భారమంతా ఆ మూడు వారాల మీద పడుతుంది. ఆ మూడు వారాల్లోనూ అతను పాఠం చెప్పేది తనంతటి గట్టివాళ్లకే. భయంతో తాడు మీద బిగుసుకుపోయిన పన్నెండేళ్ల పిల్ల, రాత్రి కడుపునొప్పి అని చెప్పడానికి సిగ్గుపడే అమ్మాయి, స్నేహితుల ముందు గొప్పకు పోయి అంచు దాకా నడిచే పదో తరగతి కుర్రాడు, ఆ తరగతి గదిలో ఉండరు. పైగా కోర్సు ముగిశాక ఎవరి వెనకాల ఎన్నాళ్లు సహాయకుడిగా తిరగాలన్న నియమం లేదు. సర్టిఫికెట్ వచ్చిన వారంలోనే పాతిక మందిని వెంటేసుకుని కేదార్‌కంఠ ట్రెక్‌కు బయలుదేరవచ్చు. చాలామంది బయలుదేరుతున్నారు. ఎంఓఐ దాకా కూడా వెళ్లకుండా, బేసిక్ కోర్సు బిళ్ల ఒక్కటే ఛాతీకి తగిలించుకుని ట్రెక్ లీడర్లయినవాళ్లు ఎందరో!

బ్రిటన్‌లో పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ పిల్లలనూ పెద్దలనూ కొండల్లోకి నడిపించే 'మౌంటెన్ లీడర్' అర్హతకు తరగతి శిక్షణ ఆరు రోజులే, పరీక్ష అయిదు రోజులు. అయితే శిక్షణకు రావాలంటేనే కనీసం 20 రోజులు, పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 40 రోజులు కొండల్లో గడిపి ఉండాలి, ప్రతిరోజూ వివరంగా లాగ్‌బుక్‌లో రాసి ఉండాలి. ఏ దారిన వెళ్లారు, వాతావరణం ఎలా ఉంది, ఎక్కడ వెనక్కి తిరగాల్సి వచ్చింది అని. తెలిసిన బాటలో పది సార్లు తిరిగి వచ్చి పది రోజులని రాస్తే ఒప్పుకోరు, కొత్త చోటు ఉండాలి, కొంత కష్టం ఉండాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గడువు దాటి ఉండకూడదు. బడిలో నేర్పగలిగింది కొంతే, మిగతాది కాళ్లతో నేర్చుకోవాలని ఆ పద్ధతి ఒప్పుకుంటోంది. నాకు అందులో నచ్చేది ఆ వినయమే.

ఆ వినయం వాళ్లకు ఊరికే రాలేదు. 1971 నవంబరులో స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండల మీద మంచు తుపానులో చిక్కుకుని ఎడిన్‌బరోకు చెందిన అయిదుగురు బడిపిల్లలు, వాళ్ల వెంట వెళ్లిన పద్దెనిమిదేళ్ల శిక్షణార్థి చనిపోయారు. 1993 మార్చిలో లైమ్ బే సముద్రంలో కయాక్ పడవల మీద వెళ్లిన నలుగురు టీనేజర్లు మునిగిపోయారు. వాళ్లను తీసుకువెళ్లిన ఇద్దరు శిక్షకులకూ ఆ విద్యలో ప్రాథమిక స్థాయి అర్హత మాత్రమే ఉంది. అక్కడ భద్రత బాగోలేదని అంతకుముందే పని వదిలి వెళ్లిన శిక్షకులు యాజమాన్యానికి ఉత్తరం రాసినట్టు కూడా బయటపడింది. సంస్థ అధిపతి జైలుకు వెళ్లాడు. 1995లో పిల్లలకు సాహస కార్యక్రమాలు నడిపే కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. నాలుగు ప్రాణాలకు ఒక చట్టం. మనకు బియాస్‌లో పాతిక పోయాయి. 2018లో కేంద్ర పర్యాటక శాఖ, సాహస పర్యటన నిర్వాహకుల సంఘం కలిసి ప్రమాణాలు రాశాయి, బాగానే రాశాయి. కానీ అవి మార్గదర్శకాలు. పాటించకపోతే అడిగేది ఎవరన్నది ఒక్కో రాష్ట్రం దయ.

శిక్షకుల కొరత అనేది మన ఒక్కరి జబ్బు కాదని కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు పడుచు నావికుల కంటే వయసు మళ్లిన నావికులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని గమనించాడు. కండలో ఉన్న కొరత కాదది, అనుభవంలో ఉన్న కొరత. ఆయన అండతో జర్మనీ నుంచి వచ్చిన విద్యావేత్త కుర్ట్ హాన్ 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో 'అవుట్‌వర్డ్ బౌండ్' మొదలుపెట్టాడు. అది 1962లో అమెరికా చేరింది. కొలరాడోలోని ఆ బడిలో పనిచేసిన పాల్ పెట్జోల్ట్, 1938లో కె2 యాత్రకు వెళ్లివచ్చిన పర్వతారోహకుడు, అక్కడ ఒక విషయం పట్టుకున్నాడు: పిల్లలు దండిగా వస్తున్నారు, వాళ్లను అడవిలోకి తీసుకువెళ్లగల పెద్దలు దొరకడం లేదు. అందుకని 1965లో వ్యోమింగ్‌లోని లాండర్‌లో నేర్పేవాళ్లను తయారుచేసే బడి పెట్టాడు. నోల్స్ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలిచేది దాన్నే. పెట్జోల్ట్ అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టినవి తాడు పనితనం కాదు. గుంపులో మనిషి ఎలా మసలాలి, వంట ఎవరు చెయ్యాలి, అలసినవాడి బరువు ఎప్పుడు పంచుకోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అనేవి.

వెనక్కి తిరగడం అనగానే ఒక మాట. మన సాహస సంస్కృతిలో అన్నిటికంటే తక్కువ విలువ దానికే. శిఖరానికి రెండు వందల మీటర్ల దూరంలో వాతావరణం చూసి గుంపును దింపుకొచ్చిన శిక్షకుడికి శాలువా కప్పిన కలెక్టర్ ఎవరైనా ఉన్నారా? డబ్బు కట్టి వచ్చిన ట్రెక్కర్లు పైదాకా తీసుకెళ్లలేదని తక్కువ స్టార్లు ఇస్తారు, ఆ స్టార్లను బట్టే అతనికి వచ్చే సీజన్‌లో పిలుపు. నిర్ణయం తీసుకునే మనిషిని ఇలా కట్టేసి, మరో పక్క భద్రత గురించి సెమినార్లు పెట్టుకోవడంలో అర్థం లేదు.

అలాగని శిక్షణ ఉంటే ప్రమాదమే ఉండదని నమ్మించడం కూడా మోసమే. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ సంస్థ అడ్వాన్స్‌డ్ కోర్సు బృందం ద్రౌపదీ కా డాండా-2 శిఖరం దగ్గర హిమపాతంలో చిక్కుకుంది. ఇరవై మందికి పైగా శిక్షణార్థులతో పాటు ఇద్దరు మహిళా శిక్షకులు పోయారు. వారిలో సవితా కాన్స్‌వాల్ ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్ట్, మకాలూ రెండూ ఎక్కి వచ్చిన మనిషి. దేశంలో అంతకంటే అనుభవం ఉన్న చోటు వెతికినా దొరకదు. అయినా జరిగింది. ప్రకృతి దగ్గర నూటికి నూరు శాతం హామీ ఉండదు. మంచి శిక్షకుడు ఆ మాటను తల్లిదండ్రులకు ముందే, దాచకుండా చెబుతాడు. 'ఏం కాదండీ, మాది ఫుల్ సేఫ్' అనేవాడి చేతిలో మాత్రం పిల్లలను పెట్టకూడదు.

ఇక మన నేల సంగతి. తెలుగు రాష్ట్రాల్లో ఈ వృత్తిలోకి రావాలనుకునే యువత ముందుగా చూసేది హిమాలయాల వైపే, అది సహజం. కానీ నేర్చుకుని వచ్చి ఇక్కడి పిల్లలకు నేర్పాలంటే మంచు గొడ్డలి పనికిరాదు. ఇక్కడ చంపేది ఎండ. ఆ తర్వాత నీళ్లు, తేనెటీగలు, పాములు. మార్చి దాటాక నల్లమలలో మధ్యాహ్నం నడక పెట్టే నిర్వాహకుడికి వడదెబ్బ మొదటి లక్షణాలు ఏవో తెలియాలి. మాట తడబడటం, అర్థం లేని చిరాకు చూసి 'నాటకాలాడుతున్నాడు' అనుకుంటే ఒక ప్రాణం పోతుంది. మారేడుమిల్లి, అరకు వైపు వాగులూ గెడ్డలూ పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ ఎండ కాస్తుండగానే పొంగుతాయి. నీటి రంగు మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం చూసి గుంపును ఒడ్డెక్కించాలి. రాతి గుట్టల అంచుల కింద కొండ తేనెటీగల పట్టులు ఉంటాయి. పొగ, సెంటు వాసన, కేకలు వాటికి గిట్టవు. తాడు మీద సగంలో ఉన్న పిల్లవాడి మీద అవి లేచినప్పుడు కిందికి దింపాలా, పైకి లాగాలా అన్నది అప్పటికప్పుడు ఆలోచించేది కాదు, ఆ ఉదయమే అనుకుని ఉండాలి.

పాముకాటు విషయంలో అయితే సగం మంది శిక్షకులకే పాత నమ్మకాలు వదల్లేదు. తాడుతో బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, మూడూ హాని చేసేవే. కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మందు ఒకటే సీసాలో ఉంటుంది. అందుకని పామును చంపి తీసుకురావాల్సిన పని లేదు. తాను పిల్లలను తీసుకువెళ్తున్న చోటికి దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఆ మందు ఉందో, అక్కడికి వెళ్లే దారిలో ఫోన్ సిగ్నల్ ఎక్కడ తగులుతుందో ముందురోజే కనుక్కుని రాసుకున్నవాడే నా దృష్టిలో శిక్షకుడు. ఆసుపత్రికి గంటల దూరంలో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో నేర్పే 'వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్' కోర్సు 70 నుంచి 80 గంటలు సాగుతుంది. ముస్సూరీలోని హానిఫిల్ సెంటర్ లాంటి చోట్ల మన దేశంలోనూ చెబుతున్నారు. అయితే ఫీజు బరువైనదే. పర్వతారోహణ సర్టిఫికెట్ కంటే ముందు దీనికి డబ్బు కూడబెట్టుకోమని చేరాలనుకునేవాళ్లకు నా సలహా.

నేర్పే నేర్పు గురించి ఇంకొక్క సంగతి. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ అంతకుముందే ఎం.ఏ., బీఈడీ చదివి, సరైన టీచరు ఉద్యోగం దొరక్క కొండల వైపు మళ్లిన మనిషి. బ్రిగేడియర్ జ్ఞాన్ సింగ్ ఆమెకు శిక్షకురాలిగా పని ఇచ్చాడు. శిఖరం తర్వాత ఆమె దశాబ్దాల పాటు టాటా స్టీల్ సాహస విభాగాన్ని నడిపి, తర్వాతి తరాన్ని తయారుచేసింది. ఆమె విషయంలో అందరికీ శిఖరం గుర్తుంది, బీఈడీ ఎవరికీ గుర్తులేదు. మన దగ్గర ఏటా వేల మంది బీఈడీ పూర్తిచేసి డీఎస్సీ కోసం కూర్చుంటున్నారు. వాళ్లలో కొండలంటే ఇష్టం ఉన్న పదిమందికి తాడు నేర్పడం, తాడు తెలిసిన పదిమందికి పిల్లల మనసు నేర్పడం కంటే తేలికని నా అనుమానం.

అయితే చేరమని చెప్పేముందు బతుకు సంగతి దాచకూడదు. ఈ పనిలో జీతం కంటే రోజుకూలీ ఎక్కువ. హిమాలయాల్లో వర్షాలకు ముందొక సీజన్, తర్వాతొక సీజన్, చలికాలంలో కొంత. మిగతా నెలలు ఖాళీ. మోకాళ్లు నలభై దాటాక మొరాయిస్తాయి. బీమా చాలామందికి లేదు. ఉన్నా సాహస క్రీడలను మినహాయించే షరతు అందులో ఎక్కడో ఉంటుంది. ఆడపిల్లలైతే ఇంట్లోవాళ్లను ఒప్పించడం ఇంకో కొండ. ఇవన్నీ తెలిసీ వచ్చేవాళ్లు నిలబడాలంటే ఏడాది పొడవునా జీతమిచ్చే చోట్లు కావాలి. అవి బడులే కాగలవు.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బయటి పనులు నేర్పమంది. ఆ పది రోజులు ఇప్పుడు చాలా బడుల్లో డ్రాయింగ్ పోటీలతో గడిచిపోతున్నాయి. తమిళనాడు ఇంకో రకంగా వెళ్లింది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి దగ్గర కార్చిచ్చులో ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయాక ముందు నిబంధనలు తెచ్చింది. తర్వాత 2024లో అటవీ శాఖ ద్వారా నలభై బాటలు గుర్తించి, దగ్గరలోని గిరిజన యువతకే శిక్షణ ఇచ్చి మార్గదర్శులుగా పెట్టింది. మన నల్లమలలో చెంచు యువకులు అటవీ శాఖలో ప్రొటెక్షన్ వాచర్లుగా ఇప్పటికే ఉన్నారు. ఏ జాడ ఏ జంతువుదో, ఏ చెలమలో వేసవిలోనూ నీళ్లు ఉంటాయో వాళ్లకు ఏ కోర్సూ చెప్పక్కర్లేదు. వాళ్లకు లేనివి ప్రథమ చికిత్స శిక్షణ, పిల్లల గుంపును నడిపే అభ్యాసం, ఒక లాగ్‌బుక్, దాని మీద సంతకం పెట్టే పెద్ద. గురుకుల సంస్థ, అటవీ శాఖ ఒక బల్ల దగ్గర కూర్చుంటే వీటికి కొత్త భవనం కూడా అక్కర్లేదు. భువనగిరి గుట్ట ఉండనే ఉంది.

ఈలోగా జిల్లా విద్యాధికారులు రేపే చెయ్యగల పని ఒకటుంది. విహారయాత్రకు ముందు బడులూ కాలేజీలూ తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునే ఒక కాగితం ఉంటుంది. ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని అందులో రాసి ఉంటుంది. అదే కాగితంలో వెంట వచ్చే శిక్షకుడి పేరు, అతని అర్హత, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గడువు తేదీ, ఇలాంటి చోట్ల అతను ఇదివరకు పనిచేసిన రోజులు రాయడానికి నాలుగు గళ్లు పెట్టించి, అవి నింపని యాత్రకు అనుమతి ఇవ్వకుండా ఉంటే చాలు. సంతకం పెట్టే తండ్రి ముందు ఆ గళ్లే చదువుతాడు.